ఇంటికి డిజిటల్ పియానో కొంటున్నారా? కీబోర్డుతో పొరబడితే రెండుసార్లు ఖర్చు.. విశాఖ సముద్రగాలి సంగతీ చూసుకోండి!

విశాఖపట్నం: పాప పియానో నేర్చుకుంటానంది. ఆన్‌లైన్‌లో వెతికితే ఎనిమిది వేలకే ఒక కీబోర్డు కనిపించింది. తెల్లవి, నల్లవి మెట్లన్నీ ఉన్నాయి కదా అని నాన్న ఆర్డర్ పెట్టేశాడు. ఏడాది తిరిగేసరికి టీచర్ కబురు చెప్పారు.. దీని మీద ఇక ముందుకు వెళ్లడం కష్టం, వెయిటెడ్ కీస్ ఉన్నది కొనాల్సిందే అని. పాత కీబోర్డు అటక మీదికి ఎక్కింది. కొత్తదానికి మళ్లీ యాభై వేలు.

గాజువాక అయినా, ఎంవీపీ కాలనీ అయినా, మధురవాడ అయినా ఈ కథ కొత్తదేం కాదు. జీతం మీద బతికే ఇంట్లో యాభై వేలంటే చిన్న మాట కాదు. అందులోనూ సముద్రం పక్కన ఉన్న ఊళ్లో ఎలక్ట్రానిక్ వస్తువు కొంటున్నప్పుడు మరికాస్త జాగ్రత్త కావాలి. అందుకే షాపుకెళ్లే ముందు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవీ..

కీబోర్డు వేరు.. డిజిటల్ పియానో వేరు

చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కానీ వాయించే చేతికి రెండూ వేర్వేరు వాయిద్యాలు. అసలైన పియానోకు 88 కీస్ ఉంటాయి. 52 తెల్లవి, 36 నల్లవి. మామూలు కీబోర్డుకు ఎక్కువగా 61 ఉంటాయి. అయితే లెక్కలో తేడా కన్నా పెద్ద తేడా మరొకటి ఉంది.. అదే బరువు.

పియానోలో కీ నొక్కితే లోపల ఒక చిన్న సుత్తి లేచి తీగను కొడుతుంది. ఆ సుత్తి బరువు వేలికి తెలుస్తుంది. మెల్లగా నొక్కితే మెల్లని ధ్వని, గట్టిగా నొక్కితే గట్టి ధ్వని. 1700 ప్రాంతంలో ఇటలీకి చెందిన బార్టోలోమియో క్రిస్టోఫోరి ఈ సుత్తి పద్ధతి కనిపెట్టడంతోనే పియానో పుట్టింది. డిజిటల్ పియానోలో తీగలు ఉండవు. కానీ ఆ బరువు తెలిసేలా కీ కింద నిజంగానే చిన్న సుత్తుల్లాంటి బరువులు అమరుస్తారు. దీన్నే వెయిటెడ్ హామర్ యాక్షన్ అంటారు. ఎడమవైపు మంద్ర స్వరాల కీస్ బరువుగా, కుడివైపు తార స్వరాల కీస్ తేలిగ్గా ఉంటే అది గ్రేడెడ్ హామర్ యాక్షన్.

మామూలు కీబోర్డులో ఉండేది స్ప్రింగ్. నొక్కగానే దిగిపోతుంది. మరీ చవక రకాల్లో ఎంత గట్టిగా నొక్కినా, ఎంత మెల్లగా నొక్కినా ధ్వని ఒకటే. అలాంటి దాని మీద రెండేళ్లు నేర్చుకున్న పిల్లలు ఒక్కసారిగా నిజమైన పియానో ముందు కూర్చుంటే వేళ్లు తడబడతాయి. బలం చాలదు, ధ్వని అదుపులో ఉండదు. అలవాటైన వేళ్లను మళ్లీ మొదటి నుంచి దిద్దుకోవాలి. అసలు నష్టం డబ్బు కన్నా ఇదే.

ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోండి

పిల్లలు నేర్చుకునేది ఏంటి? పియానోనా, కీబోర్డా? లండన్‌కు చెందిన ట్రినిటీ కాలేజ్ పరీక్షల్లో పియానో, ఎలక్ట్రానిక్ కీబోర్డు రెండూ వేర్వేరు సబ్జెక్టులు. సిలబస్ వేరు, వాయించే తీరు వేరు. క్లాసులో చేర్చిన రోజే ఏ సబ్జెక్టు అని టీచర్‌ను అడగాలి. పియానో గ్రేడ్ల పరీక్షలు రాయించే ఆలోచన ఉంటే 88 వెయిటెడ్ కీస్ తప్పనిసరి అనుకోవాలి. ఏ గ్రేడ్ దాకా డిజిటల్ పియానో ఒప్పుకుంటారో ఆ ఏడాది నిబంధనల్లో చూసుకోవాలి.

అదే, సినిమా పాటలు సరదాగా వాయించుకోవాలి, చర్చిలో పాటలకు సాయం పట్టాలి, తాళం వేసుకుంటూ పాడుకోవాలి అంటే 61 కీస్ కీబోర్డే సరైంది. అందులో తయారుగా ఉండే తబలా, డోలక్ తాళాలు, వందల రకాల ధ్వనులు డిజిటల్ పియానోలో సాధారణంగా దొరకవు. యమహా కంపెనీ మన దేశం కోసమే చెన్నై దగ్గరి ఫ్యాక్టరీలో ఇలాంటి కీబోర్డులు తయారు చేస్తోంది. కీబోర్డు కొన్నా సరే, టచ్ రెస్పాన్స్ ఉన్నదే తీసుకోవాలి. అంటే నొక్కే వేగాన్ని బట్టి ధ్వని మారాలి.

అసలు పియానోనే కొంటే పోలా?

పాత తెలుగు సినిమాల్లో హీరో పెద్ద పియానో ముందు కూర్చుని పాడే సీన్ ఎవరు మర్చిపోతారు? అలాంటి అకౌస్టిక్ పియానో ఇంట్లో ఉంటే ఆ దర్జాయే వేరు. కానీ విశాఖ లాంటి ఊళ్లో దాన్ని కాపాడుకోవడం తేలిక కాదు.

అకౌస్టిక్ పియానోలో 200కు పైగా ఉక్కు తీగలు ఉంటాయి. ధ్వనిని పెంచేది చెక్కతో చేసిన సౌండ్‌బోర్డు. సుత్తుల మీద ఉండేది ఉన్ని. ఉక్కు, చెక్క, ఉన్ని.. ఈ మూడింటికీ తేమ శత్రువే. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ వైపు ఉండేవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కిటికీ గ్రిల్స్, గేటు బందులు, ఏసీ బయటి యూనిట్లు ఎంత త్వరగా తుప్పు పడతాయో రోజూ చూస్తున్నదే. ఉప్పుగాలికి తీగలూ అంతే. తేమ ఎక్కితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. దాంతో శ్రుతి తప్పుతుంది. ఏడాదికి కనీసం రెండుసార్లయినా ట్యూనింగ్ చేయించాలి. ఆ పని తెలిసినవాళ్లు అన్ని ఊళ్లలో దొరకరు. ఇక బరువు సంగతి.. నిలువు పియానో కూడా 200 కిలోల పైనే ఉంటుంది. మూడో అంతస్తుకు ఎక్కించాలంటే మనుషులు, తాళ్లు, గండాలు.

డిజిటల్ పియానోకు ట్యూనింగ్ అక్కర్లేదు. పదకొండు, పన్నెండు కిలోల బరువు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే రాత్రి పదింటికైనా సాధన చేసుకోవచ్చు. విశాఖ అపార్ట్‌మెంట్‌కు ఇదే సరైన దారి.

డిజిటల్‌కూ గండాలున్నాయి

ట్యూనింగ్ లేదు కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. డిజిటల్ పియానో లోపల సర్క్యూట్ బోర్డు, కీస్ కింద రబ్బరు కాంటాక్టులు ఉంటాయి. ఉప్పు తేమ బోర్డును తినేస్తుంది. దుమ్ము రబ్బరు కాంటాక్టుల్లోకి చేరితే ఒక కీ ఉన్నట్టుండి గట్టిగా మోగుతుంది, లేదా అసలు మోగదు. పోర్టు పరిసరాల్లో, పాత ఊరి వైపు నల్లధూళి బాధ పడే ఇళ్లలో మూత తప్పనిసరి.

ఇంట్లో ఎక్కడ పెడుతున్నారన్నది ముఖ్యం. సముద్రం వైపు కిటికీ పక్కన, బాల్కనీ తలుపుకు ఎదురుగా పెట్టొద్దు. ఏసీ గాలి నేరుగా తగిలే చోటూ వద్దు. లోపలి గోడకు ఆనించి, గోడకూ పియానోకూ మధ్య నాలుగు వేళ్ల సందు వదలాలి. వాయించాక పొడి గుడ్డతో తుడిచి, బట్ట మూత వేయాలి. ప్లాస్టిక్ షీటు బిగుతుగా కప్పితే తేమ లోపలే ఉండిపోతుంది. వానాకాలంలో మూత కింద సిలికా జెల్ పొట్లాలు పెట్టి, అప్పుడప్పుడు మార్చుకోవడం మంచిది. స్ప్రేలు, తడి గుడ్డలు కీస్ మీద వాడకూడదు.

రెండోది కరెంటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకిన తర్వాత రోజుల తరబడి కరెంటు లేక పడ్డ పాట్లు విశాఖ మర్చిపోలేదు. తుపాను హెచ్చరిక వచ్చినా, ఉరుములు మెరుపులు మొదలైనా ప్లగ్ తీసేయాలి. స్విచ్ ఆపితే చాలదు. మామూలు రోజుల్లో సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న బోర్డుకే కలపాలి. చాలా పోర్టబుల్ మోడళ్లు 12 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తాయి. ఇవి తినే కరెంటు కూడా తక్కువే కాబట్టి ఇంటి ఇన్వర్టర్ మీద ఇబ్బంది ఉండదు. అడాప్టర్ పాడైతే చేతికందిన రౌటర్ అడాప్టర్ పెట్టడం మాత్రం పెద్ద పొరపాటు. పిన్ను సరిపోయినా ప్లస్, మైనస్ దిశ తారుమారైతే బోర్డు కాలిపోవచ్చు. కంపెనీ అడాప్టరే వాడాలి.

డబ్బా మీద రాసినవాటిలో ఏది చూడాలి?

పాలిఫొనీ: ఒకేసారి ఎన్ని స్వరాలు మోగగలవో చెప్పే సంఖ్య ఇది. వేళ్లు పదే కదా, 64 ఎందుకు అనిపిస్తుంది. పెడల్ తొక్కి వాయిస్తే ముందు నొక్కిన స్వరాలు ఇంకా మోగుతూనే ఉంటాయి. వాటి మీద కొత్తవి చేరతాయి. హద్దు దాటగానే పాత స్వరాలు మధ్యలో తెగిపోతాయి. మొదటి కొన్నేళ్లకు 64 సరిపోతుంది. పై గ్రేడ్లకు 128, ఆపైన ఉంటే మంచిది.

పెడల్: డబ్బాతో వచ్చేది చాలావరకు చిన్న స్విచ్ లాంటి పెడల్. నున్నటి టైల్స్ మీద జారిపోతుంది. దాని బదులు అసలు పియానో పెడల్ ఆకారంలో ఉండే బరువైనది విడిగా కొనుక్కోవచ్చు. సగం తొక్కితే సగం పనిచేసే హాఫ్ పెడల్‌కు మోడల్ సపోర్ట్ చేస్తుందో లేదో అడగాలి.

స్పీకర్లు: ఆరు నుంచి పది వాట్ల జత ఇంటి గదికి చాలు. హాల్లో పదిమంది ముందు వాయించాలంటే బయటి స్పీకర్ కలుపుకునే దారి ఉందో చూడాలి.

యూఎస్‌బీ, బ్లూటూత్: ఫోన్‌కో ట్యాబ్‌కో కలిపి నేర్పే యాప్‌లు వాడాలంటే యూఎస్‌బీ తప్పనిసరి. బ్లూటూత్ ఆడియో ఉంటే ఫోన్‌లోని పాట పియానో స్పీకర్లో వినొచ్చు. అయితే సాధనకు వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ పనికిరావు. నొక్కిన క్షణానికీ వినిపించే క్షణానికీ తేడా వస్తుంది. వైరు హెడ్‌ఫోన్సే కొనాలి. పిన్ను చిన్నదా పెద్దదా ముందే చూసుకోవాలి.

500 ధ్వనులు, 200 తాళాలు అని రాసి ఉంటే మురిసిపోనక్కర్లేదు. పియానో నేర్చుకునే పిల్లలు వాడేది ఎక్కువగా ఒకే ఒక్క పియానో ధ్వని. డబ్బు పోయాల్సింది కీస్ నాణ్యత మీద.

మొదటిసారి కొనేవాళ్లు చూసే మోడళ్లు

యమహా పీ-145: బరువు 11.1 కిలోలు, పాలిఫొనీ 64. వాడకం సులువు, అదనపు హంగులు తక్కువ. బ్లూటూత్ లేదు.

క్యాసియో సీడీపీ-ఎస్110: బరువు 10.5 కిలోలు, పాలిఫొనీ 64. ఆరు ఏఏ బ్యాటరీలతోనూ నడుస్తుంది. కరెంటు పోయినా క్లాసు ఆగదు.

రోలాండ్ ఎఫ్‌పీ-10: బరువు 12.3 కిలోలు, పాలిఫొనీ 96. ఈ స్థాయిలో కీస్ బరువు, పట్టు బాగుంటాయని పేరు.

క్యాసియో పీఎక్స్-ఎస్1100: పాలిఫొనీ 192. సన్నగా ఉంటుంది, ఇరుకు గదులకు నప్పుతుంది. ఇదీ బ్యాటరీలతో నడుస్తుంది.

రోలాండ్ ఎఫ్‌పీ-30ఎక్స్: బరువు 14.8 కిలోలు, పాలిఫొనీ 256. స్పీకర్లు బలమైనవి. ధరా ఎక్కువే. చాలా ఏళ్లు మార్చకుండా వాడాలనుకునేవాళ్లకు ఇది.

మొదటి మూడూ సాధారణంగా 40 వేల నుంచి 60 వేల మధ్య దొరికే స్థాయివి. పండుగ ఆఫర్లను బట్టి ధరలు మారుతుంటాయి. కొనే రోజు రెండు చోట్ల కనుక్కోవడం మంచిది.

షాపులో పది నిమిషాల పరీక్ష

ఆన్‌లైన్‌లో ధర చూడండి కానీ, చేతితో నొక్కి చూడకుండా కొనొద్దు. అందులోనూ వాయించేది పిల్లలే కాబట్టి వాళ్లను వెంట తీసుకెళ్లాలి. టీచర్ వస్తే ఇంకా మేలు.

ముందు పవర్ ఆపేసి కీస్ నొక్కి చూడండి. టకటకమని ప్లాస్టిక్ చప్పుడు ఎక్కువగా వస్తోందా? అది రాత్రిపూట కింది ఫ్లాట్‌కు వినిపించే చప్పుడు. తర్వాత పవర్ వేసి, ఒకే కీని వీలైనంత మెల్లగా, ఆపై గట్టిగా నొక్కండి. మధ్యలో ఎన్ని మెట్ల తేడా వినిపిస్తే అంత మంచిది. ఒకే కీని గబగబా పది సార్లు నొక్కండి. ప్రతిసారీ మోగాలి. పెడల్ తొక్కి కొన్ని స్వరాలు వదిలేసి, ధ్వని ఎంతసేపు నిలుస్తుందో వినండి. చివరగా హెడ్‌ఫోన్స్ పెట్టి మళ్లీ వినండి. స్పీకర్లో తెలియని లోపాలు అందులో తెలుస్తాయి.

వారంటీ ఎన్నేళ్లు, సర్వీసు విశాఖలోనే చేస్తారా, లేక వేరే ఊరికి పంపాలా.. ఈ ప్రశ్నకు జవాబు బిల్లు కట్టకముందే రాబట్టాలి. 11 కిలోల వస్తువును ప్యాక్ చేసి పంపే బాధ్యత ఎవరిదన్నది అప్పుడే తేల్చుకోవాలి. ప్యాకింగ్ డబ్బాను కనీసం వారంటీ ఉన్నన్నాళ్లయినా పారేయొద్దు.

సెకండ్ హ్యాండ్ అయితే..

నేవీ, పోర్టు, బ్యాంకులు, ఐటీ కంపెనీలు.. బదిలీలు మామూలైన ఊరు విశాఖ. ఊరు మారే కుటుంబాలు సామాను అమ్మేస్తుంటాయి. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. పియానో నేర్చుకునేవాళ్లకు కొత్త 61 కీస్ కీబోర్డు కన్నా, బాగున్న పాత 88 వెయిటెడ్ కీస్ పియానోయే నయం.

కొనేముందు ఎడమ చివర నుంచి కుడి చివర దాకా 88 కీస్‌నూ ఒక్కొక్కటిగా నొక్కాలి. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. పక్కవాటికన్నా ఒక కీ ఎక్కువగా మోగినా, తిరిగి లేవడానికి బద్ధకించినా రిపేరు ఖర్చు ఉన్నట్టే. వెనుకవైపు స్క్రూలు, జాక్‌లు తుప్పు పట్టి ఉంటే లోపలా అంతే అనుకోవాలి. వాల్యూమ్ తిప్పుతుంటే గరగర వస్తోందా, అడాప్టర్ కంపెనీదేనా, అసలు బిల్లు ఉందా అన్నవీ చూడాలి.

అమెరికా నుంచి అన్నయ్యను తెమ్మంటే?

చాలా ఇళ్లలో వచ్చే ఆలోచనే ఇది. కానీ లెక్క వేస్తే కుదరదు. 88 కీస్ పియానో పొడవు సుమారు 132 సెంటీమీటర్లు. యమహా పీ-145 పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితేనే 170 సెంటీమీటర్లు దాటుతుంది. ప్యాకింగ్ డబ్బా ఇంకా పెద్దది. చాలా విమాన సంస్థలు చెకిన్ బ్యాగుకు మూడు కొలతలూ కలిపి 158 సెంటీమీటర్లే ఒప్పుకుంటాయి. అదనపు చార్జీ, కస్టమ్స్ కలుపుకుంటే మిగిలేది తక్కువ. పైగా అక్కడ కరెంటు 120 వోల్టులు, మనకు 230. అక్కడి అడాప్టర్ మీద 100-240 అని రాసి లేకపోతే ఇక్కడ పెట్టగానే కాలిపోతుంది. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందన్న నమ్మకమూ లేదు.

కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలకు పనికొస్తుందా?

కొంతవరకు. డిజిటల్ పియానోలో ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది. 'సి' అంటే ఒకటి శ్రుతి, 'సి షార్ప్' ఒకటిన్నర, 'డి' రెండు.. ఇలా లెక్క. ఐదున్నర శ్రుతికి పాడే అమ్మాయి ట్రాన్స్‌పోజ్‌తో 'సి' మెట్టునే తన షడ్జంగా పెట్టుకోవచ్చు. సరళీ స్వరాలు, అలంకారాలు సరిచూసుకోవడానికి ఇది చక్కగా సాయపడుతుంది. కానీ గమకం పలకదు. స్వరాన్ని ఊపడం, జార్చడం కీస్‌తో సాధ్యం కాదు. పిచ్ బెండ్ చక్రం ఉన్న మోడళ్లలో కొంత జార్చవచ్చు. కానీ ఇంటి పియానోల్లో ఎక్కువ వాటికి ఆ చక్రం ఉండదు. గమకాలు కావాలంటే పిచ్ బెండ్ ఉన్న కీబోర్డు చూసుకోవాలి, లేదా వీణ, వయొలిన్ వైపు వెళ్లాలి.

స్టాండ్, స్టూల్.. వీటికీ డబ్బు తీసిపెట్టండి

పియానో ధరతో లెక్క ముగియదు. స్టాండ్, స్టూల్, మంచి పెడల్, హెడ్‌ఫోన్స్ కలిపి మరో పదివేల దాకా పక్కన పెట్టుకోవాలి. ఇంటూ ఆకారంలో మడిచే స్టాండ్ చవకే కానీ, గట్టిగా వాయిస్తే ఊగుతుంది. ఆ మోడల్ కోసమే చేసిన చెక్క స్టాండ్ కదలదు. డైనింగ్ టేబుల్ మీద పెడితే ఎత్తు ఎక్కువై భుజాలు పైకి లేస్తాయి, మణికట్టు నొప్పి మొదలవుతుంది. కూర్చున్నప్పుడు మోచేయి కీస్ ఎత్తుకు సమానంగా ఉండాలి. పిల్లలు ఎదుగుతుంటారు కాబట్టి ఎత్తు మార్చుకునే స్టూల్ కొనాలి. పాదాలు నేలకు అందకపోతే కింద పీట వేయాలి. స్టాండ్ కింద రబ్బరు మ్యాట్ పరిస్తే కీస్ చప్పుడు కింది ఇంటికి తగ్గుతుంది.

నో కాస్ట్ ఈఎంఐ అంటే ఎగబడొద్దు. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, నగదు డిస్కౌంట్ పోతోందా అన్నది చూసి తేల్చుకోవాలి. డబ్బు ఇప్పుడే సర్దుబాటు కాకపోతే మూడు నెలలు టీచర్ దగ్గరి పియానో మీదే నేర్పించి, పిల్లల ఆసక్తి నిలబడ్డాక కొన్నా నష్టం లేదు. తొందరపడి తప్పు వాయిద్యం కొనడం కన్నా అది మేలు.

ఒక్క చూపులో..

- పియానో నేర్చుకోవాలంటే 88 కీస్, హామర్ యాక్షన్. ఈ రెండూ లేనిది కీబోర్డే.
- సినిమా పాటలు, తాళాలు కావాలంటే టచ్ రెస్పాన్స్ ఉన్న 61 కీస్ కీబోర్డు చాలు.
- ధ్వనుల సంఖ్య కాదు, కీస్ పట్టు చూడండి.
- సముద్రం వైపు కిటికీ పక్కన పెట్టొద్దు. బట్ట మూత మరవొద్దు.
- ఉరిమితే ప్లగ్ తీయండి. కంపెనీ అడాప్టరే వాడండి.
- సర్వీసు ఎక్కడో తెలిశాకే బిల్లు కట్టండి.
- పిల్లల చేత నొక్కించి చూడకుండా కొనొద్దు.

పియానో కొన్న మొదటి వారం ఇంటిల్లిపాదీ దాని చుట్టూనే ఉంటారు. ఆర్నెల్ల తర్వాత కూడా పాప రోజూ ఇరవై నిమిషాలు దాని ముందు కూర్చోవాలంటే, అది హాల్లో అందుబాటులో ఉండాలి, వేలు పెట్టగానే పలకాలి. కవర్లు విప్పి, వైర్లు కలిపి, మంచం కింద నుంచి లాగాల్సి వస్తే సాధన ఆగిపోతుంది. అందుకే ఏ మోడల్ అన్నదాంతో పాటు ఇంట్లో దాని చోటు ఎక్కడన్నది కూడా కొనకముందే తేల్చుకోవాలి.